మహిపాల్ ఇచ్చిన సాక్సులు

కోరుట్ల బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్టుకు పోయే సందులో అన్వర్ దుకాణం ఉంది. బనియన్లు, లుంగీలు, చేతిరుమాళ్ళు, బడి పిల్లల సాక్సులు అమ్ముతాడు. పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. సాక్సు అంచును రెండు వేళ్ళతో సాగదీసి చూస్తే చాలు, ఎలాస్టిక్ ఎన్ని నెలలు ఆగుతుందో చెప్పేస్తాడు. అయితే అలాంటి దుకాణాలు ఆ ఊళ్ళో ఇంకో పది ఉన్నాయి. దుకాణం వల్ల అన్వర్‌ను ఎరిగినవాళ్ళకంటే పరుగు వల్ల ఎరిగినవాళ్ళే ఎక్కువ.

ఇంట్లో పెద్ద కొడుకు అన్వరే గాని పెద్దరికం తమ్ముడు అబ్రార్‌ది. అబ్రార్ ఇరవై ఏళ్ళకే రియాద్ పోయాడు, రెండంతస్తుల ఇల్లు కట్టాడు. తల్లి హుస్సేన్‌బీ ఆ ఇంట్లోనే ఉంటుంది. పెళ్ళిళ్ళలో చుట్టాలు ముందు అబ్రార్‌ను పలకరించి, తరువాత అన్వర్ వైపు తిరుగుతారు. అన్వర్ దానికి అలవాటు పడ్డాడు. కనీసం అలవాటు పడ్డానని అనుకున్నాడు.

ముప్పై నాలుగో ఏట షుగర్ వచ్చింది. జగిత్యాల డాక్టరు రోజూ నడవమన్నాడు. కాలేజీ గ్రౌండులో నడవడం మొదలుపెట్టాడు. నడక విసుగనిపించి కొద్దికొద్దిగా పరుగెత్తాడు. రెండో ఏడు ఆగకుండా పది కిలోమీటర్లు పరుగెత్తగలిగాడు. షుగర్ అదుపులోకి వచ్చింది. ఆ మాట విని ఒక్కొక్కరే వచ్చి చేరారు. బ్యాంకు గుమస్తా, ఇద్దరు టీచర్లు, ఒక లారీ ఓనరు, ఊరి అంచున పసుపు పండించే గంగారాం. తొమ్మిదేళ్ళలో పద్నాలుగు మంది అయ్యారు. ఎంత దూరం ఉరకాలి, ఎప్పుడు నీళ్ళు తాగాలి, ఏ బూట్లు కొనాలి, అన్నీ అన్వర్‌నే అడిగేవారు. అతను ముందు ఉరుకుతుంటే మిగతావాళ్ళు వెనక వచ్చేవారు. లోకంలో తనకు మొదటి చోటు దొరికిన జాగా అదొక్కటే.

మహిపాల్ ఆ గ్రౌండుకు వచ్చింది ఒక జూన్ నెలలో.

అతనిది పెగడపల్లి. పన్నెండేళ్ళు దుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి తిరిగి వచ్చాడు. కోరుట్లలో ఇల్లు అద్దెకు తీసుకుని మోటార్లు, కరెంటు సామాను బాగుచేసే షాపు పెట్టాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట తక్కువ. మొదటి రోజే వచ్చి అన్వర్ ముందు నిలబడ్డాడు.

"అన్వర్ భాయ్ అంటే మీరే గదా? అందరు మీ పేరే చెప్పిండ్రు. మీతోటి ఉరుకుదామని అచ్చిన."

ఆ మాటకు అన్వర్ పొంగిపోయాడు. ఆ పొంగు నాలుగో రౌండు దాకానే ఉంది. అయిదో రౌండులో మహిపాల్ పక్కనుంచి మెల్లగా ముందుకు పోయాడు. రొప్పడం లేదు, బూటు చప్పుడు కూడా లేదు. అన్వర్ అడుగు పెంచాడు, అందుకోలేకపోయాడు.

పరుగయ్యాక అందరూ గ్యాలరీ మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పారు. తడిసి ముద్దయిన సాక్సులు పిండుకోవడం వాళ్ళకు మామూలే. మహిపాల్ పాదాలు మాత్రం పొడిగా ఉన్నాయి. బూడిద రంగు పలుచటి సాక్సులు వేసుకున్నాడు. గంగారాం వంగి చూశాడు.

"నీ కాల్లకు చెమట రాదా తమ్మీ?"

"అందరికంటె ఎక్కువనే అస్తది అన్నా. గీ సాక్సు దాన్ని లోపల ఉంచది. పైకి లాగి బూటుకు వదిలేస్తది, బూటు మీది జాలి సందులకెల్లి ఆరిపోతది. తడి కాలికే బొబ్బలస్తయి. పొడి కాలికి రావు."

సాక్సు విప్పి తిరగేసి చూపించాడు. వేళ్ళ దగ్గర కుట్టు తగలకుండా చదునుగా ఉంది. మడమ దగ్గర కొంచెం మందం, పాదం మధ్య బిగువు. ఎడమ, కుడి వేరువేరు. పాదం కొలత చూసి తీసుకోవాలని, వదులుగా ఉంటే ముడత పడి అదే కోస్తుందని చెప్పాడు. అందరూ చుట్టూ చేరి విన్నారు. అన్వర్ ఒక్కడే మెట్టు దిగువన కూర్చుని లేసులు కట్టుకుంటున్నాడు. బ్యాంకు గుమస్తా అటు తిరిగాడు.

"అన్వర్ భాయ్, నీది సాక్సుల దుకాణమే గదా, గిసొంటివి ఎందుకు తేలే?"

"ప్లాస్టిక్ దారం గది," అన్నాడు అన్వర్. "వాసనస్తది. కాటన్‌ను మించింది లేదు. పద్దెనిమిదేండ్ల సంది అమ్ముతున్న, నాకు తెల్వదా?"

మహిపాల్ వాదించలేదు. అతను వాదించి ఉంటే బాగుండేదని అన్వర్‌కు అనిపించింది.

ఆ రోజు నుంచి అన్వర్ లెక్క ఒకటి మొదలైంది. గ్రౌండుకు వచ్చేవాళ్ళు ముందు ఎవరికి నమస్తే పెడుతున్నారు? మహిపాల్ రాని రోజు ఎంతమంది అడిగారు, తను ఆలస్యమైన రోజు ఎంతమంది అడిగారు? దుకాణంలో కూర్చుని సాక్సులు సర్దుతూ ఇవే తలచుకునేవాడు. ఒకరోజు భార్య ఫౌజియా, మిక్సీ బాగుచేయించుకొచ్చి, మహిపాల్ మంచి మనిషనీ, పని శుభ్రంగా చేశాడనీ అంది. అన్నం తింటున్న అన్వర్ పళ్ళెం పక్కకు నెట్టి లేచిపోయాడు. ఎందుకు లేచాడో ఆమెకు అర్థం కాలేదు.

వానలు పడ్డాయి. గ్రౌండు గడ్డి పొద్దున్నే తడిగా ఉండేది. మహిపాల్‌తో సమంగా పరుగెత్తాలని అన్వర్ దూరం పెంచాడు. కుడి మడమ మీద బొబ్బ లేచింది. అది మానకముందే దాని పక్కన ఇంకొకటి. షుగర్ ఉన్న మనిషి కాలి పుండును చిన్నగా తీసుకోకూడదని అతనికి బాగా తెలుసు. ఇదివరకు తనే పదిమందికి చెప్పాడు. ఇప్పుడు టేపు అంటించుకుని, కుంటు కనపడకుండా నడిచి, మళ్ళీ పరుగెత్తాడు.

అక్టోబరులో సరుకు కోసం సిరిసిల్ల పోయాడు. వేములవాడ మీదుగా పోయే బస్సులో యాత్రికుల మధ్య నిలబడి ప్రయాణం చేశాడు. సిరిసిల్లలో సారయ్య అని అతనికి పాత పరిచయస్తుడు. ముప్పై ఏళ్ళు మరమగ్గాల మీద, కొన్నాళ్ళు అద్దకం యూనిట్లో పనిచేసిన మనిషి. నూలు గురించి అతనికి తెలియనిది లేదు. సరుకు కట్టించాక, మగ్గాల చప్పుడులో గొంతు పెంచి, వేరే ఎవరి కోసమో అన్నట్టుగా అడిగాడు అన్వర్.

"సారయ్యా, పాలిస్టర్ దారం చెమటను బయటికి నెడతదంటరు, నిజమేనా?"

సారయ్య రెండు దారపు పోగులు తెచ్చాడు. ఒకటి నూలు, ఒకటి పాలిస్టర్. రెండింటి కొసలూ గ్లాసులోని నీళ్ళలో ముంచి, పై కొసలు గ్లాసు అంచు మీదుగా బయటికి వేలాడదీశాడు.

"చూడు. నూలు నీళ్ళు తాగి ఉబ్బుతది, తాగింది విడువది. గీ పాలిస్టర్ తాగది. పోగుల నడుమ సందులు పట్టుకొని నీళ్ళు పారుతయి, అంతే. బయట గాలి తగిలితె ఆరిపోతయి. ఆటలాడేటోల్ల బట్టలకు గిదే పెడతరు. అయితె ఒకటున్నది. బట్ట మెత్తగుండాలె, వాసన రావాలె అని కండిషనర్ పోస్తరు చూడు, గది పోసినవనుకో, పోగు మీద నూనె లెక్క పొర పడతది. ఆ సందులు మూసుకపోతయి. వేడి నీళ్ళు గిట్ల పోస్తె ఎలాస్టిక్ గూడ పోతది. మా యూనిట్ల ఒకసారి అట్లనే సరుకంత ఖరాబయింది."

అన్వర్ తల ఊపాడు. తిరుగు బస్సులో రెండు సంగతులు అతని వెంట వచ్చాయి. మహిపాల్ చెప్పింది నిజం. ఆ నిజాన్ని పాడుచేసే దారి కూడా ఉంది.

పాడుచేయాలని అప్పటికి అనుకోలేదని అన్వర్ ఇప్పటికీ అంటాడు. కాని నవంబరులో ఒక ఉదయం మహిపాల్ అతని పక్కన వచ్చి కూర్చున్నాడు. చేతిలో విప్పని ప్యాకెట్టు ఉంది.

"భాయ్, నీ మడమ చూస్తున్న నెల రోజుల సంది. దాసుకుంటున్నవ్ గని కనవడతనే ఉన్నది. షుగర్ మనిషివి, గట్ల ఉండద్దు. ఇది కొత్త జత, నీ కొలతనే. తొడుక్కో. ఉతికేటప్పుడు తిరగేసి ఉతుకు, చల్లటి నీళ్ళు, కొంచెం సబ్బు. నీడకు ఆరెయ్యి. కండిషనర్ మాత్రం పొయ్యకు."

చుట్టూ నలుగురు ఉన్నారు. వాళ్ళ ముందు తన కుంటును బయటపెట్టి, తన సరుకును తనకే దానం చేస్తున్నాడని అనిపించింది అన్వర్‌కు. షుక్రియా చెప్పి తీసుకున్నాడు. ఆ జాలి, అబ్రార్ సెలవుకు వచ్చినప్పుడు అత్తరు సీసా చేతిలో పెట్టి భుజం తట్టినట్టే ఉంది.

ఆ మధ్యాహ్నం ఫౌజియా నాలుగు రోజుల కోసం చుట్టాలింటికి పోయింది. అన్వర్ దుకాణం షట్టరు సగం దించి ఇంటికి వచ్చాడు. బకెట్లో సలసల కాగే నీళ్ళు పోసి, వాసన కోసం బట్టలకు వేసే కండిషనర్ సగం సీసా వంచి, ఆ సాక్సులు ముంచాడు. ఆరేశాడు. మరునాడు మళ్ళీ ముంచాడు. మొత్తం నాలుగు సార్లు. కొత్త సాక్సులు మెత్తగా, జారుడుగా తయారయ్యాయి. పనంతా అతను ఓపికగా చేశాడు. ఆ నాలుగు రోజులు అతని మనసు ఎంతో తేలిగ్గా ఉంది.

ఆదివారం అందరూ వచ్చిన రోజు చూసి, మెట్ల మీద నిలబడి చెప్పాడు.

"మహిపాల్ ఇచ్చింది ఎడమ కాలికి తొడిగిన. మన కాటన్‌ది కుడి కాలికి తొడిగిన. ఎనిమిది కిలోమీటర్లు ఉరుకుత. ఏది మంచిదో మీరే చూడుండ్రి."

అప్పటికి పదకొండు మంది అలాంటివే హైదరాబాదు నుంచి తెప్పించమని మహిపాల్‌కు తమ పాదాల కొలతలు ఇచ్చి ఉన్నారు. ఆ సంగతి అన్వర్‌కు తెలుసు. పరుగెత్తి వచ్చి, అందరి ముందు బూట్లు విప్పాడు. కుడి సాక్సు తడిసింది. ఎడమ సాక్సు ఇంకా ఎక్కువ తడిసింది. చెమట పైకి పోక లోపలే నిలిచి, పాదం నానినట్టు తెల్లబడింది. అంచు వదులై మడమ కిందికి జారింది.

"గిదేనా దుబాయి సాక్సు?" అన్నాడు లారీ ఓనరు. నలుగురు నవ్వారు.

మహిపాల్ కిందికి వచ్చి ఆ సాక్సు తీసుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ముక్కు దగ్గరికి తెచ్చాడు. తరువాత అన్వర్ కళ్ళలోకి ఒకసారి చూశాడు. సాక్సు మెట్టు మీద పెట్టి, బండి ఎక్కి వెళ్ళిపోయాడు. మరునాడు గ్రౌండుకు రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.

పదకొండు మందీ వద్దనుకున్నారు. అన్వర్ దుకాణంలో కాటన్ సాక్సులు కొన్నారు. అతను మళ్ళీ ముందు ఉరికాడు, మిగతావాళ్ళు వెనక వచ్చారు. మొదటి వారం సంతోషంగానే ఉంది.

డిసెంబరులో జగిత్యాలలో పది కిలోమీటర్ల పరుగు జరిగింది. కోరుట్ల నుంచి తొమ్మిది మంది పోయారు. వాళ్ళలో గంగారాం ఉన్నాడు. గంగారాంకు కూడా షుగర్ ఉంది. ఆ సంగతి గ్రౌండులో అందరికంటే ముందు అన్వర్‌కే చెప్పాడు, అన్వర్ ధైర్యం చెప్పబట్టే పరుగుకు వచ్చాడు. ఆ పొద్దు ఏడో కిలోమీటరు దగ్గర తడిసిన సాక్సు ముడతపడి బొటనవేలి కింద బొబ్బ లేచింది, ఎనిమిదో కిలోమీటరు దగ్గర చితికింది. గంగారాం అలాగే చివరిదాకా పరుగెత్తాడు. ఎవరికీ చెప్పలేదు. మరునాడు పసుపు చేనికి నీళ్ళు పెట్టడానికి వట్టి కాళ్ళతో బురదలోకి దిగాడు.

వారానికి పాదం వాచింది. జ్వరం వచ్చింది. జగిత్యాలలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. పుండు కోసి శుభ్రం చేశారు. కాలి వేలు ఉంటుందో తీసెయ్యాలో నాలుగు రోజులు చూసి చెబుతామన్నారు.

అన్వర్ చూడటానికి పోయాడు. గంగారాం నిద్రపోతున్నాడు. భార్య దేవవ్వ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. అన్వర్‌ను చూసి స్టూలు అతనికిచ్చి తను నిలబడింది.

"కూసో అన్వరూ. నిన్ననే అడిగిండు నువ్వు అచ్చినవా అని."

"ఎట్లున్నది అక్కా?"

"రేపు చెప్తరట." కొంచెం ఆగి అంది. "గా కరెంటు మహిపాల్ మా ఇంటికచ్చి చెప్పిండయ్యా, షుగర్ ఉంటె గా సాక్సులే తొడుక్కోవాలె అన్నా అని. కొలత గూడ తీసుకున్నడు. మల్ల ఈయననే వద్దన్నడు. అన్వర్ పరీక్ష జేసి చూపిచ్చిండు, అన్వర్ అబద్ధం చెప్పడు అన్నడు."

ఆమె నిందించడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. అన్వర్ ఆ స్టూలు మీద కూర్చోలేకపోయాడు. నీళ్ళ సీసా తెస్తానని బయటికి వచ్చి, సీసా తెచ్చి తలుపు దగ్గర పెట్టి, బస్సెక్కాడు.

వేలు ఉంటుందని మరునాడు తెలిసింది. అయినా అతని కాళ్ళు గ్రౌండుకు పోలేదు. మహిపాల్ షాపుకు పోయాడు. మహిపాల్ నీళ్ళ మోటారు విప్పి ముందు పెట్టుకుని రాగితీగ చుడుతున్నాడు. తల ఎత్తలేదు.

"సాక్సుల కండిషనర్ పోసింది నేనే," అన్నాడు అన్వర్. "నాలుగు సార్లు. కాగే నీళ్ళల్ల."

"తెలుసు. వాసనతోటే తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

మహిపాల్ తీగ ఆపాడు. "ఎవరు నమ్ముతరు భాయ్? నీ దుకాణం పద్దెనిమిదేండ్ల సంది ఉన్నది. నేనచ్చి ఆరు నెలలు. చెప్పి గెలిచేది ఏమున్నది? దుబాయిల పన్నెండేండ్లు ఒక్కన్నే ఉరికిన. లేబర్ క్యాంపు చుట్టు, ఇసుకల. ఇంటికి పోతె పదిమందితోటి ఉరకాలె అనుకున్న. అంతే నా ఆశ." మళ్ళీ తీగ పట్టుకున్నాడు. "అసలు నేను నీకేం జేసిన?"

అన్వర్ చెప్పగలిగిన జవాబు ఒక్కటే ఉంది.

"నువ్వు నాకంటె మంచిగ ఉరుకుతవ్. నువ్వు చెప్పింది నిజమైంది. గంతే. ఇంకేం జెయ్యలే."

"నాకు చెప్పుడు కాదు," అన్నాడు మహిపాల్. "వాల్లకు చెప్పు. గంగారామన్నకు చెప్పు."

ఆ ఆదివారం అన్వర్ అదే మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పాడు. లారీ ఓనరు నేల వైపు చూశాడు. టీచర్లలో ఒకాయన, "ఛీ," అని లేచి వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చిన గంగారాం దగ్గరికి పోయి చెప్పినప్పుడు, అతను కట్టు కట్టిన కాలిని దిండు మీద సర్దుకుంటూ, "నేనే చెప్పులు లేకుంట బురదలకు దిగిన, అది నా తప్పు," అన్నాడు. తరువాత కొంచెం సేపటికి, "కని, నిన్ను నమ్మిన అన్వరూ," అన్నాడు. దేవవ్వ ఆ రోజు చాయ్ పెట్టలేదు.

పాడైన జతను అన్వర్ పారేయలేదు. సారయ్యకు ఫోను చేసి అడిగాడు. అతను చెప్పినట్టు చల్లటి నీళ్ళలో కొంచెం వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, సబ్బు తక్కువగా వేసి, తిరగేసి ఉతికాడు. అలా ఆరేడు సార్లు చేశాక జారుడు పోయింది. చుక్క నీళ్ళు వేస్తే బట్ట మీద గుండ్రంగా నిలవకుండా వెంటనే పరుచుకుంది. అంచు బిగువు మాత్రం తిరిగి రాలేదు. ఉడికిపోయిన ఎలాస్టిక్‌కు మందు లేదు. మహిపాల్‌కు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"నీకిచ్చిన. నువ్వే తొడుక్కో."

తొడుక్కున్నాడు. అంచుకు రబ్బరు కుట్టుకుని మరీ తొడుక్కున్నాడు. మడమ మీద బొబ్బ మూడు వారాల్లో మానింది. పాదం పొడిగా ఉన్న ప్రతిసారీ మహిపాల్ చెప్పింది నిజమేనని ఒప్పుకోవాల్సి వచ్చేది. ఆ ఒప్పుకోవడం బొబ్బకంటే ఎక్కువ నొప్పిగా ఉండేదని ఫౌజియాతో అన్నాడు. మిక్సీ రోజు ఎందుకు పళ్ళెం నెట్టాడో కూడా అప్పుడే చెప్పాడు. ఆమె విని, "ఇన్ని నెలలు వంట మంచిగ లేదనుకున్న," అంది.

ఇప్పుడు అన్వర్ దుకాణంలో ఆ సాక్సులు ఒక అర నిండా ఉంటాయి. బడి పిల్లలకు కాటన్‌వే ఇస్తాడు. పరుగుకోసం అని ఎవరైనా వస్తే స్టూలు మీద కూర్చోబెట్టి, కాగితం మీద పాదం గీసి కొలత తీస్తాడు. బూటు వెంట తెమ్మంటాడు, ఎందుకంటే మందం సాక్సుకు బిగుతు బూటు పనికిరాదు. రెండు జతలు మార్చి మార్చి తొడగమంటాడు, తడి జతను బ్యాగులో కుక్కి మరచిపోవద్దంటాడు. మడమ దగ్గర వెలుతురుకు పెట్టి చూడు, అవతల కనబడితే దాని పని అయిపోయినట్టే అంటాడు. షుగర్ ఉందంటే తెల్లగా ఉన్నవే ఇస్తాడు, రక్తం చుక్క వెంటనే కనబడుతుందని. ఇవన్నీ నీకెట్ల తెలుసని కొందరు అడుగుతారు. "మహిపాల్ చెప్పిండు. కరెంటు షాపు మహిపాల్," అంటాడు.

ఫిబ్రవరి నుంచి మహిపాల్ మళ్ళీ గ్రౌండుకు వస్తున్నాడు. గంగారాం వేసవి దాటాక నడక మొదలుపెట్టాడు. "ఛీ" అని వెళ్ళిన టీచరు ఇప్పటికీ అన్వర్‌తో మాట్లాడడు.

మొన్న ఆగస్టులో సిరిసిల్లలో ఒక పరుగు జరిగింది. అందరూ పోయారు. ఫలితాలు ఫోనులో రాగానే అన్వర్ తన పేరు వెతకలేదు, ముందు మహిపాల్ పేరు వెతికాడు. తనకంటే నాలుగు నిమిషాలు ముందు. పాత ఓర్వలేనితనం అలాగే లేచింది. ఏడాది పోయినా, ఇంత జరిగినా, కొంచెం కూడా తగ్గలేదు. ఫోను జేబులో పెట్టుకుని మహిపాల్ దగ్గరికి పోయి, "మంచిగ ఉరికినవ్," అన్నాడు. మహిపాల్ "నువ్వు గూడ," అని నీళ్ళ సీసా అందించాడు.

సోమవారం అన్వర్ అందరికంటే పది నిమిషాలు ముందు గ్రౌండుకు వచ్చాడు. రెండో రౌండులో మహిపాల్ వచ్చి పక్కన కలిశాడు. కాలేజీ గోడ మలుపు దగ్గర అన్వర్ అడుగు కొంచెం పెంచాడు. మహిపాల్ అతని వైపు చూసి, తనూ పెంచాడు.